పెల్లెట్ గ్రిల్ నుంచి కట్టెల ఆఫ్‌సెట్ స్మోకర్‌కు: పదకొండు వంటల కేస్ స్టడీ

ఈ కేసులో ప్రయోగశాల మా పెరడు. ప్రయోగం చేసిందీ నేనే, దాని ఫలితాన్ని తినాల్సి వచ్చిందీ ముందుగా నేనే. మాంసాన్ని వేడిపొగలో గంటల తరబడి నిదానంగా వండడం నా సరదా. మూడేళ్లు పెల్లెట్ గ్రిల్ మీద, అంటే పొట్టు గుళికలతో నడిచే పొయ్యి మీద వండాక, కట్టెలతో నడిచే ఆఫ్‌సెట్ స్మోకర్‌కు, అంటే నిప్పుగది పక్కకు ఉండే పొగపెట్టెకు మారాను. కొత్తదాని మీద చేసిన మొదటి పదకొండు వంటలకు నోటుపుస్తకంలో లెక్క రాసి పెట్టుకున్నాను. ఎన్ని కిలోల కట్టె కాలింది, ఎన్ని నిమిషాలకొకసారి పేడు వేశాను, జాలీ మీద వేడి ఎంత, పొగ ఏ రంగులో వచ్చింది, తిన్నవాళ్లు ఏమన్నారు, అన్నీ అందులో ఉన్నాయి.

మొదటి నాలుగు వంటలు పాత గ్రిల్ మీద చేసినవాటి కన్నా అధ్వానంగా వచ్చాయి. అయిదోది ఫరవాలేదు. ఆరోదానితో దారి దొరికింది. ఆ నాలుగూ ఎందుకు చెడ్డాయన్నదే ఈ రాతలో పెద్ద భాగం. బాగా వచ్చిన వంటల గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు, అవి తినేశాం.

పాత పరిస్థితి

పెల్లెట్ గ్రిల్‌లో రంపపు పొట్టును అదిమి చేసిన చిన్న గుళికలు ఇంధనం. ఒక మర వాటిని కొద్దికొద్దిగా చిన్న గిన్నెలాంటి కుంపటిలోకి తోస్తుంది, ఫ్యాను గాలి కొడుతుంది, వేడిని చూసుకునే పని కంట్రోలర్‌ది. 120 డిగ్రీల సెల్సియస్‌కు పెట్టి పడుకుంటే తెల్లవారేసరికి మాంసం మెత్తబడి ఉంటుంది. దాని మీద నాకు పెద్ద ఫిర్యాదులు లేవు. ఉన్నవి రెండే: పొగ రుచి పలుచగా ఉండేది, మాంసం పైపొర, బార్బెక్యూ వాళ్లు బార్క్ అనేది, నల్లగా కరకరలాడేలా కాకుండా తడి తోలులా మిగిలేది.

రెండింటికీ కారణం ఒకటే అని తర్వాత అర్థమైంది. గుళికలు చిన్నవి, బాగా ఎండినవి. ఫ్యాను గాలితో దాదాపు పూర్తిగా కాలిపోతాయి, కాబట్టి రుచినిచ్చే పొగ తక్కువ. కాల్చే ఇంధనం తక్కువ కాబట్టి పెట్టె గుండా పోయే వేడిగాలీ తక్కువే. ఆఫ్‌సెట్‌లో ఒక పెద్ద మంట తనకు కావలసిన గాలినంతా లాక్కుని, దాన్ని మాంసం మీదుగా పారించి గొట్టంలోంచి బయటికి పంపుతుంది. ఆ ప్రవాహమే పైపొరను ఆరబెడుతుంది. బార్క్ కోసం నేను మసాలాలు మార్చి మార్చి చూశాను. మార్చాల్సింది గాలిని.

ఏది ఎంచుకున్నాను

ఆఫ్‌సెట్ ఆకారం చాలా సాదాగా ఉంటుంది. అడ్డంగా పడుకోబెట్టిన ఉక్కు డ్రమ్ము, దాని ఒక చివర కాస్త కిందుగా అతికించిన నిప్పుగది, రెండో చివర పొగగొట్టం. టెక్సాస్, ఓక్లహోమా చమురు క్షేత్రాల్లో మిగిలిపోయిన మందపాటి పైపులతో వెల్డర్లు ఇలాంటివి చేసుకునేవారు. పాత గ్యాస్ ట్యాంకులను కోసి చేసేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు. అంటే ఈ రూపం ఎవరో కూర్చుని గీసింది కాదు, చేతికందిన సామాను నుంచి పుట్టింది.

నేను తేల్చుకోవాల్సింది రేకు మందం. సన్నరకాల్లో రేకు రెండు మూడు మిల్లీమీటర్లే ఉంటుంది. నేను తీసుకున్నది ఆరు మిల్లీమీటర్లది, వంటపెట్టె అర మీటరు వ్యాసం, మీటరుకు కాస్త పైగా పొడవు. ఆరు మిల్లీమీటర్ల ఉక్కు చదరపు మీటరుకు 47 కిలోలు తూగుతుంది. ఆ లెక్కన ఒక్క వంటపెట్టే వంద కిలోలకు దగ్గర. నిప్పుగది, గొట్టం, కాళ్లు, జాలీలు కలిపితే రెండు వందలు దాటింది. దాన్ని పెరట్లోకి చేర్చిన రోజు గురించి రాయను, నడుము ఇంకా మరిచిపోలేదు.

ఇంత బరువెందుకు? మూత తెరిచినప్పుడు వేడిగాలి మొత్తం పోతుంది, కానీ ఉక్కులో దాగిన వేడి పోదు. మూత మూసిన కొద్ది నిమిషాల్లో పెట్టె మళ్లీ దారికొస్తుంది. మంట కాస్త ఎగిసినా, తగ్గినా ఆ ఒడిదుడుకులను ఉక్కు మింగేస్తుంది. దీనికి మూల్యం కూడా ఉంది: వేడెక్కడానికే గంట పడుతుంది.

రివర్స్ ఫ్లో రకం, అంటే పొగ ఒక పలక కిందుగా చివరి దాకా వెళ్లి వెనక్కి తిరిగి వచ్చేది, చూసి వదిలేశాను. అందులో వేడి సమంగా పరుచుకుంటుంది, నిజమే. కానీ పొగకు అంత దూరం, ఒక మలుపు పెడితే గాలి ఈడ్పు మందగిస్తుందని నా అనుమానం. నాకు కావలసిందే ఈడ్పు.

వంటకు ముందు లోపలంతా పలుచగా నూనె రాసి, మూడు గంటలు మంట పెట్టి కాల్చాను. కొత్త ఇనప పెనాన్ని నూనె రాసి కాల్చి వాడకానికి సిద్ధం చేసినట్టే. నిప్పుగది బయటి పెయింటు మొదటి వారంలోనే రాలిపోయింది. రాలుతుంది, కంగారు పడాల్సిన పని లేదు, నూనె గుడ్డతో తుడుస్తూ ఉంటే తుప్పు పట్టదు.

చెడిన నాలుగు

ఒకటో వంట బ్రిస్కెట్, అంటే గొడ్డు ఛాతీ భాగం. పొగ రుచి కోసమే ఇంత ఖర్చు పెట్టాను కదా, పొగను లోపలే పట్టి ఉంచుదామని గొట్టం మీది డ్యాంపర్‌ను, అంటే పొగ దారిని మూసి తెరిచే రేకును, సగం మూశాను. పన్నెండు గంటల తర్వాత వచ్చిన మాంసం నాలుక మీద సిగరెట్టు బూడిదలా అనిపించింది. నాలుక చివర మొద్దుబారింది కూడా. మూత లోపల చేత్తో తాకితే తారు లాంటి నల్లటి జిడ్డు.

రెండోది పంది భుజం. గొట్టం పూర్తిగా తెరిచాను, కానీ నిప్పుగదిలో నాలుగు పెద్ద కట్టెలు ఒకేసారి పెట్టాను. వేడి 160 దాటేసరికి భయపడి గాలి వచ్చే కంతను దాదాపు మూసేశాను. వేడి దిగింది. మంట ఆరిపోయి, కట్టెలు రగులుతూ పొగ కక్కడం మొదలుపెట్టాయి. పక్కింటివాళ్లు కిటికీలు మూసుకున్న చప్పుడు వినిపించింది.

ఈ రెండింటిలో జరిగింది ఒకటే. కట్టె వేడెక్కితే అందులోని సెల్యులోజ్, హెమీసెల్యులోజ్, లిగ్నిన్ విచ్ఛిన్నమై వాయువులుగా బయటికి వస్తాయి. ఆ వాయువులు మంటలో కాలితే మిగిలేది పలుచని పొగ. అందులో లిగ్నిన్ నుంచి పుట్టిన గ్వాయకోల్, సిరింగోల్ లాంటి పదార్థాలు కొద్దిగా ఉంటాయి. మనం పొగ రుచి, పొగ వాసన అనేవి వాటి పుణ్యమే. గాలి చాలక మంట లేకపోతే ఆ వాయువులు కాలకుండానే చల్లబడి, చిన్న చిన్న తారు బొట్లుగా మారి, తెల్లటి దట్టమైన పొగగా వస్తాయి. ఆ బొట్లే మాంసం మీద వాలతాయి. నిప్పు లేనిదే పొగ రాదన్నది సామెత. నిప్పు సరిగా లేనప్పుడే పొగ ఎక్కువగా వస్తుందన్నది నా నోటుపుస్తకం.

అంటే పొగను పట్టి ఉంచడం అన్న ఆలోచనే తప్పు. అప్పటి నుంచి గొట్టం డ్యాంపర్ పూర్తిగా తెరిచే ఉంది. ఇప్పుడది తుప్పుతో అలాగే బిగుసుకుపోయింది, నాకు అభ్యంతరం లేదు.

మూడోది కోడి. గాలి తగ్గించలేదు, మంటా చిన్నదే. అయినా పొగ తెల్లగానే వచ్చింది, చర్మం మసి పట్టి రబ్బరులా సాగింది. నాలుగో వంట మళ్లీ బ్రిస్కెట్. ఇక ఎక్కడా లోపం లేదనుకున్నాను, అయినా అదే తెల్లపొగ. ఆ రోజు మా అత్తగారు వచ్చారు. చిన్నతనంలో కట్టెల పొయ్యి మీద వండిన మనిషి. నేను డ్యాంపర్లు, థర్మామీటర్లు చూపిస్తూ వివరిస్తుంటే ఆవిడ వాటివైపు కూడా చూడకుండా వంగి నిప్పుగదిలోకి చూశారు.

"బాబూ, ఆ పేడు చివర చూడండి. నురుగు వస్తోంది. సుయ్‌మని చప్పుడు వినిపించడం లేదూ? కట్టె పచ్చిగా ఉంది."

"ఎండిన కట్టె అని చెప్పే అమ్మారండీ. తేమ మీటరు పెట్టి కూడా చూశాను, 17 శాతం చూపించింది."

"మీటరు సంగతి నాకు తెలియదు. నీళ్లు కారుతున్న కట్టెను ఎండిన కట్టె అని మాత్రం ఎవరూ అనరు."

తేమ మీటరు రెండు ముళ్లను కట్టె బయటి వైపు గుచ్చి చూశాను. బయట 17 శాతమే. అదే పేడును గొడ్డలితో చీల్చి, అప్పుడే తెరుచుకున్న లోపలి ముఖం మధ్యలో గుచ్చితే 35. కట్టె బయటి నుంచి లోపలికి ఆరుతుంది; పైన పెట్టిన మీటరు పైపొర కథ మాత్రమే చెబుతుంది. ఇది కట్టెలు అమ్మేవాళ్లందరికీ తెలుసు. నేను వాళ్లను అడగలేదు, వాళ్లు చెప్పలేదు.

ఆ 35 శాతానికి అర్థమేమిటో లెక్క వేసి చూశాను. మీటరు చూపే శాతం ఎండు కట్టె బరువుతో పోల్చినది. ఒకటిన్నర కిలోల పేడులో 35 శాతం అంటే సుమారు 390 మిల్లీలీటర్ల నీళ్లు. దాన్ని ఆవిరి చేయడానికి దాదాపు ఒక మెగాజౌల్ కావాలి. మిగిలిన ఎండు కట్టె కాలితే వచ్చేది ఇరవై మెగాజౌళ్లు. అంటే పోయే వేడి నూటికి అయిదు వంతులే! ఇంత చిన్న నష్టానికి ఇంత చేదా అని కాసేపు నమ్మబుద్ధి కాలేదు. కిటుకు ఏమిటంటే, ఆ నీళ్లు ఉన్నంతసేపూ కట్టెలో ఆ భాగం వంద డిగ్రీలు దాటి వేడెక్కదు. కట్టె వాయువులు ధారాళంగా వచ్చి అంటుకోవాలంటే రెండు మూడు వందల డిగ్రీలు దాటాలి. కాబట్టి పేడు అంచులు మాత్రం రగులుతూ, మధ్య భాగం ఆవిరి కక్కుతూ, ఆ ఆవిరి పైన ఉన్న మంటను చల్లబరుస్తూ పావుగంట గడిచిపోతుంది. ఆ పావుగంట పొగంతా తెల్లపొగే. అరగంటకొక పేడు వేస్తే వంటలో సగం కాలం తెల్లపొగలోనే గడిచినట్టు.

అయిదో వంటకు కట్టె విషయంలోనే మరో తప్పు చేశాను, ఈసారి అవతలి వైపుకు. బట్టీలో పెట్టి ఎండబెట్టిన కట్టెలు కొన్నాను, లోపల 8 శాతమే తేమ. అవి కాగితాల్లా భగ్గున మండాయి. పొగ కంటికి కనిపించనంత పలుచన, బాగానే ఉంది, కానీ వేడి ఒకసారి 150, పావుగంటకు 105. ఆ పంది భుజం రుచిగానే వచ్చింది. నేను మాత్రం ఆ తొమ్మిది గంటల్లో ఒక్కసారీ కూర్చోలేదు. అప్పటికి స్థిరపడిన కొలత ఇది: చీల్చిన ముఖం మీద 15 నుంచి 20 శాతం. పేడు పొడవు మూర కన్నా కొంచెం తక్కువ, లావు మణికట్టు కన్నా కొంచెం ఎక్కువ.

ఆరో వంట

5.8 కిలోల బ్రిస్కెట్, కొవ్వు చెక్కేశాక తూచినది. ఉప్పు, మిరియాలు తప్ప ఏమీ రాయలేదు.

తెల్లవారుజామున 4:30కి రెండు కిలోల బొగ్గు రాజేసి నిప్పుగదిలో పోశాను. కట్టెను అంటించేది మంట అనుకుంటాం కానీ, నిలబెట్టేది కింద ఉన్న నిప్పుల పాన్పు. అది పలుచబడితే ఎంత ఎండిన కట్టె అయినా రగులుతుందే కానీ మండదు. రెండు పేళ్లు వేసి, తలుపు బారుగా తెరిచి, పెట్టె వేడెక్కనిచ్చాను. 5:45కి గొట్టం మీద పొగ పలుచబడి, ఆకాశానికి ఎదురుగా చూస్తే లేత నీలంగా కనిపించింది. జాలీ దగ్గర 121 డిగ్రీలు. అప్పుడు పెట్టాను మాంసం, లావు వైపు నిప్పుగదికి ఎదురుగా.

తర్వాత పని ఒకటే, పేళ్లు వేయడం. తర్వాతి పేడును నిప్పుగది నెత్తిన పెట్టి వేడెక్కనిస్తాను. వేసే వేళకు అది చేయి కాలేంత వేడిగా ఉంటే, నిప్పులను తాకగానే పది సెకన్లలో అంటుకుంటుంది. వేశాక తలుపు రెండు మూడు నిమిషాలు ఓరగా తెరిచి ఉంచి, మంట పూర్తిగా పట్టాక మూస్తాను. 35 నుంచి 40 నిమిషాలకొకటి. వేడి తగ్గించాలంటే గాలి తగ్గించను, తర్వాతి పేడు చిన్నది వేస్తాను. ఇంత చిన్న మాట నేర్చుకోవడానికి నాలుగు మాంసం ముక్కలు ఖర్చయ్యాయి.

10:30కి మాంసం లోపల 68 డిగ్రీలు. ఒంటి గంట దాకా 72 దాటలేదు. ఇది అందరినీ భయపెట్టే ఘట్టం. మంట సరిగానే ఉంటుంది, జాలీ దగ్గర వేడి సరిగానే ఉంటుంది, మాంసం మాత్రం కదలదు. పైకి ఊరుతున్న తడి ఆవిరవుతూ మాంసాన్ని చల్లబరుస్తుంది, ఒంటికి పట్టిన చెమట ఆరుతూ చల్లబరిచినట్టే. ఆఫ్‌సెట్‌లో గాలి ప్రవాహం ఎక్కువ కాబట్టి ఈ నిలుపుదల పెల్లెట్ గ్రిల్‌లో కన్నా మొండిగా ఉందని నాకు అనిపించింది. గోటితో గీకితే పైపొర ఊడి రాకుండా గట్టిపడ్డాక, 1:10కి మైనం పూయని, మాంసం చుట్టే మందపాటి కాగితంలో (బుచర్ పేపర్) చుట్టాను. 4:40కి 95 డిగ్రీలు. అంకె కన్నా ముఖ్యం, థర్మామీటరు ముల్లు వెన్నలోకి దిగినట్టు దిగింది. మాంసాన్ని గట్టిగా పట్టి ఉంచే కొలాజెన్ మెత్తని జెలటిన్‌గా మారడానికి వేడి ఒక్కటే చాలదు, ఆ వేడిలో గడిపిన సమయమూ కావాలి. రెండు గంటల ఇరవై నిమిషాలు మూతపెట్టెలో విశ్రాంతి, కోసేటప్పటికి లోపల 65.

పదకొండు గంటల వంటకు 18 పేళ్లు, దాదాపు 19 కిలోల కట్టె. పెల్లెట్ గ్రిల్‌లో ఇదే పరిమాణానికి నా పాత లెక్క ఏడు కిలోల గుళికలు. ఈ తేడాలో చాలా భాగం గొట్టం గుండా ఆకాశానికి పోయిందే.

థర్మామీటరు గురించి

మూతకు బిగించి ఇచ్చిన గడియారం లాంటి థర్మామీటరు పెట్టె పైభాగపు వేడి చెబుతుంది. మాంసం ఉండేది కింద. నా పెట్టెలో రెండింటికీ 14 డిగ్రీల తేడా. ఒక వంట మొత్తం ఆ ముల్లును నమ్మి, మాంసాన్ని అనుకున్నదాని కన్నా తక్కువ వేడిలో ఉంచాను. జాలీ పొడవునా బ్రెడ్డు ముక్కలు వరసగా పేర్చి చూస్తే అసలు బొమ్మ తెలిసింది: నిప్పుగది పక్కన ఉన్న రెండు మాడాయి, మధ్యవి ఎర్రబడ్డాయి, గొట్టం పక్కన ఉన్నవి తెల్లగానే ఉన్నాయి. ఇప్పుడు ఆ మాడిన చోట నీళ్ల పళ్లెం ఉంటుంది.

రుచి పరీక్ష

తొమ్మిదో వంటనాడు రెండు బ్రిస్కెట్లు వండాను, ఒకటి పాత గ్రిల్‌లో, ఒకటి కొత్తదానిలో. గుర్తులు లేని పళ్లేల్లో ఏడుగురికి పెట్టాను. అయిదుగురు ఆఫ్‌సెట్‌ది ఎంచుకున్నారు. "పైపొర" అన్న మాట నలుగురి నోట వచ్చింది. కోసినప్పుడు అంచున కనిపించే గులాబీ వలయం కూడా దీనిలోనే లావుగా ఉంది. దాన్ని చూసి మురిసిపోయినవాళ్లకు నేను నిజం చెప్పాను. మంటలో పుట్టే నైట్రిక్ ఆక్సైడ్ మాంసానికి ఎరుపునిచ్చే మయోగ్లోబిన్‌తో కలిసి ఆ రంగును నిలుపుతుంది, అంతే. దానికి రుచి లేదు. చెప్పకుండా ఉండాల్సిందని తర్వాత అనిపించింది.

కోడి విషయంలో ఫలితం తిరగబడింది. ఏడుగురిలో నలుగురు పెల్లెట్ గ్రిల్ కోడినే మెచ్చారు. కోడి మాంసం పొగను తొందరగా పట్టేస్తుంది, పలుచని పొగే దానికి సరిపోతుంది. ఆఫ్‌సెట్‌లో 120 దగ్గర వండితే చర్మం సాగుతుంది. ఇప్పుడు 160 దాకా వేడి పెంచి, లోపల 74 డిగ్రీలు రాగానే తీసేస్తున్నాను. తేడా తగ్గింది, పూర్తిగా పోలేదు.

లెక్కలో రాయని ఖర్చులు

మొదటిది మనిషి. పదకొండు గంటల్లో నేను స్మోకర్‌కు ఇరవై నిమిషాల కన్నా ఎక్కువ దూరంగా లేను. పిల్లల చదువు, ఫోను, నిద్ర, ఏదీ ఇందులో ఇమడదు. దీన్ని తపస్సు అని ముద్దుగా పిలిచేవాళ్లున్నారు. వాళ్ల ఇళ్లల్లో మిగతా పనులు ఎవరు చేస్తున్నారో అడగాలని ఉంటుంది.

రెండోది బూడిద. ఏడో వంట మర్నాడు పొద్దున బూడిద చల్లారిపోయిందనుకుని రేకు బకెట్టులో ఎత్తి చెక్క వేదిక మీద పెట్టాను. మధ్యాహ్నానికి బకెట్టు కింద చెక్క మీద గుండ్రటి నల్లటి మచ్చ, సన్నగా పొగ. బూడిద కప్పిన నిప్పు ఒక రోజుకు పైగా బతికి ఉంటుంది. ఇప్పుడు మూత ఉన్న ఇనప బకెట్టు, కింద ఇటుకలు, పారబోయడానికి మూడు రోజుల గడువు.

వాన పడితే స్మోకర్‌ను షెడ్డులోకి తోసి వండవచ్చా అని ఇద్దరు అడిగారు. వద్దు. వాసన లేని విషవాయువు కార్బన్ మోనాక్సైడ్‌తో మనం చేయగల బేరం ఏదీ లేదు. పదో వంటనాడు వాన పడింది, గొడుగు పట్టుకుని నిలబడ్డాను. ఉక్కు తడిసి చల్లబడుతుంటే కట్టె ఖర్చు మూడో వంతు పెరిగింది. గాలి నిప్పుగది తలుపుకు ఎదురుగా కొడితే మంట ఎగిసిపడే సమస్య కూడా అలాగే ఉంది. తలుపు ముందు ఒక రేకు అడ్డం పెట్టి చూస్తున్నాను, పదకొండో వంటలో కొంత పనిచేసింది.

ఇప్పటి పద్ధతి

పెల్లెట్ గ్రిల్‌ను అమ్మలేదు. వారం మధ్యలో కోడి, చేప దాని మీదే. ఆఫ్‌సెట్ నెలకు రెండుసార్లు వెలుగుతుంది, అదీ రోజంతా ఖాళీ ఉన్నప్పుడు.

డబ్బు ఖర్చు పెట్టిన క్రమం మాత్రం ఇప్పుడైతే తిరగేస్తాను. ముందు స్మోకర్ కొని, అది వచ్చిన రోజు కట్టెల కోసం వెతికాను. కట్టె ఆరడానికి కనీసం ఆరు నెలలు, లావు చేవ కట్టెకు ఏడాది పైనే పడుతుంది. ఉక్కును ఆరబెట్టాల్సిన పని లేదు. ఈసారి కొన్న పచ్చి కట్టెలను చీల్చి, నేలకు తగలకుండా దుంగల మీద గాలి ఆడేలా పేర్చి, పైన మాత్రమే రేకు కప్పాను. మూడు వరసలు. ఒక్కో వరస చివర సుద్దముక్కతో పేర్చిన తేదీ రాశాను. మొన్న మా అత్తగారు వచ్చినప్పుడు రెండు పేళ్లను తీసుకుని ఒకదానితో ఒకటి కొట్టి, చప్పుడు విని, "ఇంకా మొద్దుగా మోగుతున్నాయి, పండగ దాకా ముట్టుకోకండి" అన్నారు. తర్వాత చీల్చి మీటరు పెట్టి చూశాను. 26.